అతుకులో కనిపించే పనితనం: కొరియా చేతిపనులు – సౌందర్య విమర్శ

7.0 ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• కొరియా సంప్రదాయ చేతిపనుల్లో మూడింటి తయారీ క్రమాన్ని వివరించగలుగుతారు.
• ఆ వస్తువుల గురించి వచ్చిన ప్రసిద్ధ విమర్శాభిప్రాయాలను పేర్కొని, వాటి గుణదోషాలను చర్చించగలుగుతారు.
• చేతిపనిని విమర్శించేటప్పుడు తయారీ పరిజ్ఞానం ఎందుకు అవసరమో చెప్పగలుగుతారు.

7.1 ప్రవేశిక

కథను, కవితను విమర్శించేటప్పుడు మన చేతిలో ఆధారంగా మాటలు ఉంటాయి. విమర్శకుడు ఏమన్నా, "ఏ వాక్యంలో ఉంది?" అని అడగవచ్చు. ఒక కుండ ముందు నిలబడినప్పుడు ఆ వీలు లేదు. కుండలో మాటలు లేవు, పాత్రలు లేవు, చేసినవాడి పేరు కూడా చాలాసార్లు తెలియదు. అటువంటప్పుడు విమర్శకుడు తన మనసులోని భావాన్నే వస్తువుకు అంటగట్టే ప్రమాదం ఉంది. ఈ ప్రమాదం ఎంత పెద్దదో, దాని నుంచి ఎలా తప్పుకోవచ్చో కొరియా చేతిపనుల ఉదాహరణతో ఈ పాఠంలో పరిశీలిద్దాం.

మన వాడుకలో "అతుకుల బొంత" అంటే చులకన. "అతికినట్లు సరిపోయింది" అంటే మెప్పు. ఒకే క్రియ నుంచి పుట్టిన ఈ రెండు మాటల మధ్య ఉన్న తేడాను గుర్తుంచుకోండి. ఈ పాఠంలో మనం చూసే మూడు వస్తువులూ అతుకుతో తయారైనవే: రెండు గిన్నెలను కలిపి చేసిన పింగాణీ జాడీ, రెండు పొరలను కలిపి తీసిన కాగితం, గుడ్డముక్కలను కలిపి కుట్టిన మూటగుడ్డ.

7.2 చందమామ జాడీ

కొరియాను చోసన్ వంశం 1392 నుంచి 1910 వరకు పాలించింది. రాజభవనానికి కావలసిన తెల్ల పింగాణీ పాత్రలను రాజధానికి దగ్గరలోని గ్వాంగ్జు ప్రాంతంలో ప్రభుత్వ బట్టీల్లో తయారు చేసేవారు. ఈ బట్టీలను "బున్‌వన్" అంటారు. రాజు భోజన వ్యవహారాలు చూసే శాఖ వీటిని నడిపేది. బట్టీకి కట్టెలు విపరీతంగా కావాలి. చుట్టుపక్కల అడవి తరిగిపోగానే, సుమారు పదేళ్ళకొకసారి, బట్టీలను మరోచోటికి మార్చేవారు. 1752లో హాన్ నదీ మార్గానికి అందుబాటులో ఉన్న చోట స్థిరపరిచారు. అప్పటినుంచి కట్టెలే నది మీద బట్టీ దగ్గరికి వచ్చేవి.

17వ శతాబ్దం చివరి నుంచి 18వ శతాబ్దం మధ్య వరకు ఈ బట్టీల్లో పెద్ద గుండ్రని తెల్ల జాడీలు తయారయ్యాయి. వాటి ఎత్తు సాధారణంగా 40 సెంటీమీటర్లకు పైబడి ఉంటుంది. వెడల్పు కూడా దాదాపు ఎత్తుకు సమానం. పైన బొమ్మ లేదు, రంగు లేదు. వీటిని "దల్‌హాంగారి", అంటే చందమామ జాడీ, అంటారు. ఈ కవితాత్మకమైన పేరు 20వ శతాబ్దంలో వాడుకలోకి వచ్చింది.

తయారీ క్రమాన్ని గమనించండి. పింగాణీ మట్టికి మామూలు కుండ మట్టికున్నంత సాగే గుణం ఉండదు. ఇంత పెద్ద పొట్ట గల జాడీని సారె మీద ఒకే ఎత్తున లేపితే తడి మట్టి తన బరువుకు తానే కుంగిపోతుంది. అందువల్ల కుమ్మరి సారె మీద రెండు లోతైన పెద్ద గిన్నెలను విడివిడిగా చేస్తాడు. అవి సగం ఆరి గట్టిపడిన తరువాత ఒకదానిని తలకిందులుగా రెండోదాని మీద బోర్లించి, అంచులను పలుచని మట్టితో అతుకుతాడు. అతుకును లోపల, బయట చదును చేస్తాడు. పైన మూతి, కింద మట్టు అమరుస్తాడు. పూర్తిగా ఆరాక ఒకసారి కాల్చి, గాజుపూత పూసి, సుమారు 1250 నుంచి 1300 డిగ్రీల సెల్సియస్ వేడిలో మళ్ళీ కాలుస్తారు. ఆ వేడిలో మట్టి కుంచించుకుపోయి, కొంత మెత్తబడుతుంది. పైగిన్నె బరువు కిందిగిన్నె మీద పడుతుంది. అతుకు దగ్గర పొట్ట కొంచెం కుంగుతుంది, లేదా ఒక పక్కకు వాలుతుంది. అందుకే ఏ రెండు జాడీల గుండ్రదనమూ ఒకేలా ఉండదు. జాడీని ఒక వైపు నుంచి చూస్తే ఒక ఆకారం, మరో వైపు నుంచి చూస్తే మరో ఆకారం కనిపిస్తుంది.

ఇంగ్లండుకు చెందిన కుమ్మరి బెర్నార్డ్ లీచ్ 1935లో సియోల్‌లో కొన్న ఒక చందమామ జాడీ తరువాత లూసీ రీ అనే మరో ప్రసిద్ధ కుమ్మరి ఇంట్లో చాలాకాలం ఉంది. ఇప్పుడది లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. పింగాణీ చేసేవారు ఇంకొకరి పనిని ఇంత అపురూపంగా దాచుకోవడం గమనించదగ్గ విషయం. ఆ అతుకు ఎంత కష్టమో వారికి తెలుసు.

మీ ప్రగతిని తెలుసుకోండి – 1
1. చందమామ జాడీని ఒకే ముక్కగా ఎందుకు చేయరు?
2. జాడీ గుండ్రదనంలో తేడాకు కారణం ఏమిటి?

7.3 "విషాద సౌందర్యం" – యానగి వాదం

కొరియా కళను గురించి 20వ శతాబ్దంలో అందరికంటె ఎక్కువగా చర్చకు వచ్చిన విమర్శకుడు జపాన్‌కు చెందిన యానగి మునెయోషి (1889–1961). ఇతడు 1916లో మొదటిసారి కొరియా వెళ్ళాడు. అప్పటికి కొరియా జపాన్ వలసరాజ్యం. 1919 మార్చి 1న మొదలైన స్వాతంత్ర్యోద్యమాన్ని జపాన్ ప్రభుత్వం క్రూరంగా అణచివేసినప్పుడు, యానగి కొరియా ప్రజల పట్ల సానుభూతితో జపాన్ పత్రికలో రాశాడు. 1922లో సియోల్ రాజభవన ద్వారమైన గ్వాంగ్‌హ్వామున్‌ను కూల్చడానికి ప్రభుత్వం సిద్ధపడితే, దానిని వ్యతిరేకిస్తూ వ్యాసం రాశాడు. చివరికి ఆ ద్వారాన్ని కూల్చలేదు, వేరే చోటికి తరలించారు. 1924లో సియోల్‌లోనే కొరియా జానపద కళా ప్రదర్శనశాలను స్థాపించాడు. పాలకజాతికి చెందిన మనిషి ఇంత చేయడం సామాన్యం కాదు. అతని వాదాన్ని విమర్శించే ముందు ఈ సంగతిని మనం గౌరవంగా గుర్తించాలి.

యానగి వాదం ఇది: చైనా కళలో రూపం ముఖ్యం, జపాన్ కళలో రంగు ముఖ్యం, కొరియా కళలో గీత ముఖ్యం. కొరియా చరిత్ర నిండా దండయాత్రలు, కష్టాలు. ఆ దుఃఖమే పాత్రల పొడవైన వంపు గీతలో వ్యక్తమైంది. ప్రజలు ఇష్టపడే తెలుపు శోకానికి చిహ్నం. కాబట్టి కొరియా కళ సౌందర్యం విషాద సౌందర్యం.

ఈ వాదం వినడానికి హృద్యంగా ఉంది. వినగానే జాడీ వంపులో నిజంగానే ఏదో దిగులు కనిపించినట్లు అనిపిస్తుంది. విమర్శ విద్యార్థి జాగ్రత్తపడవలసింది ఇటువంటి చోటనే.

7.4 వాదాన్ని పరీక్షించడం

మొదట తెలుపును తీసుకొందాం. చోసన్ రాజభవనంలో తెల్ల పింగాణీ వాడకం 15వ శతాబ్దంలోనే స్థిరపడింది. నిరాడంబరతను గొప్ప గుణంగా భావించిన కన్ఫ్యూషియన్ పాలకవర్గానికి తెలుపు గౌరవానికి, స్వచ్ఛతకు గుర్తు. పూర్వజుల పూజల్లో వాడే పాత్రలు కూడా తెల్లనివే. మరోవైపు, పింగాణీ మీద నీలి బొమ్మలు వేయడానికి కావలసిన కోబాల్ట్ రంగు దిగుమతి సరుకు, ఖరీదైనది. 1592–98 నాటి జపాన్ దండయాత్ర, 1627, 1636 నాటి మంచూ దండయాత్రల తరువాత ఆ రంగు దొరకడం మరీ కష్టమైంది. అప్పుడు కుమ్మరులు ఇనుము కలిసిన గోధుమరంగుతో బొమ్మలు వేశారు. దీనినిబట్టి తెలుపు వెనుక రాజనీతి ఉంది, మత విశ్వాసం ఉంది, సరుకు కొరత ఉంది. వీటన్నిటినీ పక్కనపెట్టి "శోకం" అనే ఒక్క మాటతో సరిపెట్టడం కుదరదు.

ఇక గీత. జాడీ వంపు ఎలా వచ్చిందో పై విభాగంలో చూశారు. రెండు గిన్నెల అంచులు కలిసే చోటు, పైగిన్నె బరువు, బట్టీ వేడి, మట్టి కుంచించుకుపోయే తీరు, ఇవన్నీ కలిసి ఆ గీతను నిర్ణయిస్తున్నాయి. కుమ్మరి ఆ పనికి కూర్చున్నప్పుడు అతని మనసులో దేశచరిత్ర ఉందో లేదో మనకు తెలియదు. అతుకు నిలవాలన్న ధ్యాస మాత్రం తప్పక ఉండి ఉంటుంది.

అయితే బున్‌వన్‌లో దుఃఖమే లేదా? ఉంది. చోసన్ రాజకార్యాలయపు దినచర్య గ్రంథంలో 1697 సంవత్సరం కింద ఒక నమోదు ఉంది: బున్‌వన్ పనివారిలో 39 మంది ఆకలితో చనిపోయారు. అది దేశమంతటా కరువు కాలం. చందమామ జాడీలు తయారవడం మొదలైన రోజులు కూడా దాదాపు అవే. బట్టీ పనివారు ప్రభుత్వ జాబితాలో పేరు నమోదై, నిర్బంధంగా పని చేయవలసినవారు. ఆ పని కొడుకులకు కూడా సంక్రమించేది. పాత్రలు రాజభవనానికి వెళ్ళాయి. ఆకలి పనివారి ఇంట మిగిలింది.

ఈ ఒక్క నమోదును యానగి వాదం పక్కన పెట్టి చూడండి. దుఃఖాన్ని జాడీ గీతలో చూసినప్పుడు అది అందమవుతుంది, దానికి బాధ్యులు ఉండరు. అదే దుఃఖాన్ని దినచర్య గ్రంథంలో చూసినప్పుడు ఎవరు పనిచేయించారు, ఎవరు తిండిపెట్టలేదు అనే ప్రశ్నలు పుడతాయి. వలసపాలన కింద ఉన్న ప్రజలకు "మీ కళ స్వభావమే విషాదం" అని చెప్పడంలోనూ ఇదే చిక్కు ఉంది. కష్టం జాతి లక్షణమైపోతే, కష్టపెట్టినవారు కనుమరుగవుతారు. యానగి ఉద్దేశం మంచిదే. అయినా అతని మాట చేసిన పని ఇది. తరువాతి కాలంలో కొరియా రచయితలు అనేకులు ఈ వాదాన్ని తీవ్రంగా ఖండించడానికి కారణం కూడా ఇదే. యానగి కూడా తన తరువాతి రచనల్లో విషాదం మాటను వెనక్కి నెట్టి, నిత్యజీవితంలో వాడే వస్తువుల ఆరోగ్యకరమైన అందాన్ని ఎక్కువగా చెప్పాడు.

మీ ప్రగతిని తెలుసుకోండి – 2
1. యానగి దృష్టిలో కొరియా కళకు ముఖ్యమైన అంశం ఏది? ఎందుకు?
2. 1697 నాటి నమోదు యానగి వాదాన్ని ఏ విధంగా ప్రశ్నిస్తుంది?

7.5 "నైపుణ్యం లేని నైపుణ్యం"

కొరియా కళాచరిత్రకు పునాది వేసినవారిలో కో యుసొప్ (1905–1944) ముఖ్యుడు. ఇతడు గేసంగ్ నగర ప్రదర్శనశాలకు అధిపతిగా పనిచేశాడు. కొరియా కళ స్వభావాన్ని ఇతడు "నైపుణ్యం లేని నైపుణ్యం", "ప్రణాళిక లేని ప్రణాళిక" అనే పదబంధాలతో వివరించాడు. అతిగా చెక్కి, అతిగా సరిదిద్ది చూపించే స్వభావం ఈ కళకు లేదని అతని భావం.

విషాద వాదం కంటె ఇది వస్తువుకు దగ్గరగా ఉంది. ఇందులో చేసేవాడి పద్ధతి గురించిన మాట ఉంది. కానీ ఈ పదబంధాన్ని అజాగ్రత్తగా వాడితే మరో పొరపాటు జరుగుతుంది. "కొరియా పనివాడు ఆలోచించకుండా, ప్రకృతిలా చేస్తాడు" అనే అర్థం స్థిరపడుతుంది. అది నిజమేనా? కాగితం తయారీని పరిశీలించి తేల్చుకొందాం.

7.6 హాంజి – రెండు పొరల కాగితం

కొరియా చేతి కాగితాన్ని హాంజి అంటారు. 1966లో బుల్గుక్సా దేవాలయంలోని రాతి స్తూపంలో ఒక బౌద్ధ ధారణి ముద్రిత ప్రతి దొరికింది. అది 751కి పూర్వపుదని పండితుల అభిప్రాయం. పన్నెండు శతాబ్దాలు స్తూపంలో ఉన్నా ఆ కాగితం మిగిలింది. అంత గట్టిదనం ఎలా వచ్చింది?

హాంజికి ముడిసరుకు "దక్" అనే చెట్టు బెరడు. ఇది మల్బరీ కుటుంబానికి చెందినది. చలికాలంలో కొమ్మలు నరికి, ఆవిరిలో ఉడికించి, బెరడు ఒలుస్తారు. పై నల్లని పొరను గీకి తీసివేసి, లోపలి తెల్లని నారను బూడిదనీళ్ళలో ఉడకబెడతారు. ఆ బూడిద బీన్స్ వంటి పంటల మొక్కల కాడలను కాల్చగా వచ్చినది. దాని క్షారం మెత్తనిది కాబట్టి నార పీచు పాడవదు. తరువాత నారను పారే నీటిలో కడిగి, ఎండలో తెల్లబరిచి, చెత్త ఏరి, రాయి మీద కర్రలతో దంచుతారు. ఇక్కడ దంచడమే పద్ధతి, కోయడం లేదు. అందువల్ల పీచు పొడవుగా మిగులుతుంది.

దంచిన పీచును నీటితొట్టిలో కలిపి, అందులో ఒక మొక్క వేరు నుంచి తీసిన జిగురును పోస్తారు. ఆ మొక్క మన బెండకు దగ్గరి చుట్టం. బెండకాయ కోసినప్పుడు చేతికి అంటే బంకను గుర్తు తెచ్చుకోండి. ఈ బంక పీచును అడుగున పేరుకుపోనివ్వక, నీటిలో సమంగా తేలేటట్లు చేస్తుంది.

ఇప్పుడు అసలు పని. వెదురు పుల్లల తెర గల చట్రాన్ని ఒకే తాడుతో ముందువైపు వేలాడదీస్తారు. పనివాడు చట్రాన్ని తొట్టిలో ముంచి, నీటిని ముందునుంచి వెనక్కి ఒకసారి పారిస్తాడు. తరువాత కుడికి, ఎడమకు మార్చి మార్చి పారిస్తాడు. దానితో పీచు పోగులు నేతలోని పడుగు పేకల వలె అడ్డంగా, నిలువుగా అల్లుకొంటాయి. అయితే ఈ పద్ధతిలో కాగితం ఒక కొస మందంగా, మరో కొస పలుచగా వస్తుంది. దానికి విరుగుడుగా మొదటి పొర మీద రెండో పొరను తలకిందులుగా పరుస్తారు. మందం మీద పలుచన, పలుచన మీద మందం పడి, రెండు పొరలూ ఒక్క కాగితమవుతాయి. తరువాత నీరు పిండి, ఆరబెట్టి, కాగితాలను దొంతరగా పెట్టి దంచి నునుపు చేస్తారు.

ఈ క్రమంలో ప్రణాళిక లేని అడుగు ఏదైనా ఉందా? పద్ధతిలో ఉన్న లోపం ముందే తెలుసు, దానికి విరుగుడు ముందే సిద్ధంగా ఉంది. తరతరాలుగా చేతిలో నిలిచిన ఆలోచన పైకి ఆలోచనలా కనిపించదు, అంతే. కాబట్టి కో యుసొప్ మాటను మనం ఇలా సవరించి చదువుకోవాలి: నైపుణ్యం లేకపోవడం అనేది చూసేవాడి అనుభవం. చేసేవాడి వైపు నుంచి చూస్తే అంతా నైపుణ్యమే.

7.7 జోగక్‌పో – గుడ్డముక్కల మూటగుడ్డ

కొరియాలో వస్తువులు చుట్టడానికి, కప్పడానికి, మోయడానికి వాడే చదరపు గుడ్డను "బోజాగి" అంటారు. బట్టలు కుట్టగా మిగిలిన ముక్కలతో చేసిన బోజాగిని "జోగక్‌పో" అంటారు. పట్టు ముక్కలతో, "మోసి" అనే నారబట్ట ముక్కలతో వీటిని కుట్టేవారు. ఇది ఇంటి ఆడవారి పని. పాత జోగక్‌పోల మీద సాధారణంగా కుట్టినవారి సంతకం కనిపించదు.

మోసి పలుచని బట్ట, వెలుతురు దాని గుండా కనిపిస్తుంది. కాబట్టి కుట్టు వెనుక దాచుకోవడానికి మరుగు లేదు. కుట్టేవారు ఒక ముక్క అంచును మరో ముక్క అంచులోకి మడిచి, పోగు చివరలు లోపలికి పోయేటట్లు కుడతారు. పూర్తయ్యాక తిరగేసి చూసినా పచ్చి అంచు కనిపించదు. రెండు వైపులా ముఖమే. వెలుతురుకు ఎత్తి పట్టుకొంటే, బట్ట మడతలు పడిన కుట్లు ముదురు గీతలుగా కనిపిస్తాయి. జోగక్‌పో అందంలో సగం ఆ గీతలదే. అంటే ఇక్కడ అతుకే అలంకారం.

ఈ గుడ్డలను చూసి 20వ శతాబ్దపు యూరప్ చిత్రకారులైన మోంద్రియన్, పాల్ క్లే చిత్రాలతో పోల్చడం విమర్శలో పరిపాటి అయింది. పోలిక కంటికి నిజమే. కానీ "మోంద్రియన్ లాగా ఉంది" అనడంలో ఒక అసమానత ఉంది. పేరున్న చిత్రకారుడు కొలబద్ద అవుతాడు, పేరులేని స్త్రీ అతని పోలికతో మార్కులు తెచ్చుకొంటుంది. పైగా ఇద్దరి సమస్యలూ వేరు. చిత్రకారుడు తెల్లని గుడ్డ మీద తనకు కావలసిన చోట గీత గీస్తాడు. జోగక్‌పో కుట్టే స్త్రీకి ముక్కల ఆకారం ముందే నిర్ణయమై ఉంటుంది. జాకెట్టు చంక కోసిన ముక్క, చేతి అంచు కోసిన ముక్క ఆమె ముందుంటాయి. ఏ ముక్కనూ వృథా చేయకుండా మొత్తాన్ని చదరానికి తేవాలి. ఆమె కూర్పును ఆ షరతుల్లో చూసి మెచ్చుకోవడమే న్యాయం.

7.8 మరో మార్గం – అసకావా తకుమి

యానగి మిత్రుడు అసకావా తకుమి (1891–1931). ఇతడూ జపాన్‌వాడే. కొరియాలో అటవీ శాఖ పరిశోధన కేంద్రంలో ఉద్యోగి. కొరియా భాష నేర్చుకొని, స్థానికుల మధ్య జీవించాడు. సియోల్ ప్రదర్శనశాల స్థాపనలో యానగికి తోడుగా నిలిచాడు. ఇతని సమాధి కూడా సియోల్‌లోనే ఉంది.

అసకావా 1929లో కొరియా భోజనపు బల్లల మీద ఒక పుస్తకం ప్రచురించాడు. ఒక మనిషి ముందు ఒక పొట్టి బల్ల పెట్టి భోజనం వడ్డించడం అక్కడి సంప్రదాయం. ఇతని మరణానంతరం 1931లో వచ్చిన మరో పుస్తకం కొరియా మట్టిపాత్రల పేర్ల గురించినది. ఏ పాత్రను వాడేవారు ఏమని పిలుస్తారు, దేనికి వాడతారు అనేవి ఇతని ప్రశ్నలు. యానగి "ఈ పాత్ర ఏ భావాన్ని వ్యక్తం చేస్తుంది?" అని అడిగాడు. అసకావా "దీని పేరేమిటి?" అని అడిగాడు. రెండో ప్రశ్నకు జవాబు చెప్పగలవాడు ఆ పాత్రను చేసినవాడు, లేదా వాడినవాడు. అంటే విమర్శలో వాళ్ళకూ మాట దక్కుతుంది. అసకావా పద్ధతిలోని గొప్పతనం ఇదే.

7.9 ఒక ఆక్షేపణ

"తయారీ విధానం తెలిస్తే అందం తెలిసినట్లేనా? చెడ్డ జాడీని కూడా రెండు గిన్నెలు అతికే చేస్తారు కదా!" అని ఎవరైనా అడగవచ్చు. ఈ ఆక్షేపణలో బలం ఉంది. తయారీ వివరణ విమర్శకు ప్రత్యామ్నాయం కాదు. జాడీలో అతుకు ఉందని చెప్పడం వివరణ. ఆ అతుకు దగ్గర వంపు ఎంతవరకు కుంగింది, ఆ కుంగుబాటుతో జాడీ కూలబోతున్నట్లు ఉందా, కుదురుగా కూర్చున్నట్లు ఉందా అని నిర్ణయించడం విమర్శ. కానీ అతుకు సంగతి తెలియనివాడు కుంగుబాటును లోపమని కొట్టివేస్తాడు, లేదా విషాదమని పొగుడుతాడు. రెండూ పొరపాట్లే. తయారీ పరిజ్ఞానం తీర్పు చెప్పదు. తీర్పు గాలిలో కట్టిన మేడ కాకుండా కాపాడుతుంది.

7.10 సారాంశం

చందమామ జాడీ, హాంజి, జోగక్‌పో మూడూ అతుకు మీద నిలిచిన వస్తువులు. అతుకు వీటిలో లోపాన్ని కప్పే మార్గం కాదు, వస్తువును సాధ్యం చేసిన ఉపాయం. యానగి విషాద వాదం సానుభూతితో పుట్టినా, పనివారి నిజమైన కష్టాన్ని అందంగా మార్చి, దాని కారణాలను మరుగుపరిచింది. కో యుసొప్ పదబంధం వస్తువుకు దగ్గరైనా, చేసేవాడి ఆలోచనను మరిచే అవకాశం ఇస్తుంది. అసకావా పేర్లను, వాడకాన్ని అడిగి విమర్శకు నేల చూపించాడు. మీరు ఏ చేతిపనిని గురించి రాసినా, అది దూరదేశపు జాడీ అయినా, మీ ఇంట్లోని బొంత అయినా, మొదట దానిని తిరగేసి అతుకు ఎక్కడుందో చూడండి. ఆ తరువాత భావం గురించి రాయండి.

7.11 ముఖ్యపదాలు

బున్‌వన్: చోసన్ కాలపు ప్రభుత్వ పింగాణీ బట్టీలు.
దల్‌హాంగారి: చందమామ జాడీ, రెండు గిన్నెలను అతికి చేసిన పెద్ద తెల్ల పింగాణీ జాడీ.
హాంజి: దక్ చెట్టు నారతో చేసే కొరియా కాగితం.
జోగక్‌పో: మిగిలిన గుడ్డముక్కలతో కుట్టిన మూటగుడ్డ.
మోసి: మొక్క నారతో నేసిన పలుచని బట్ట.

7.12 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. ఈ క్రింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. యానగి "విషాద సౌందర్య" వాదాన్ని వివరించి, దాని గుణదోషాలను చర్చించండి.
2. చేతిపనుల విమర్శలో తయారీ పరిజ్ఞానం పాత్రను సోదాహరణంగా వివరించండి.

II. ఈ క్రింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. హాంజి తయారీలో రెండు పొరలను తలకిందులుగా ఎందుకు పరుస్తారు?
2. జోగక్‌పోను యూరప్ చిత్రాలతో పోల్చడంలోని ఇబ్బంది ఏమిటి?
3. మీ ఊరిలో తయారయ్యే ఒక చేతివస్తువును ఎంచుకొని, చేసేవారిని అడిగి, దాని భాగాల పేర్లు, అతుకు వేసే పద్ధతి రాయండి.